జుబ్బా రాళ్ల ముందు పాత లెన్స్

హాయిల్ నుంచి వాయవ్యంగా సుమారు వంద కిలోమీటర్లు వెళ్తే నఫూద్ ఎర్ర ఇసుకల నడుమ జుబ్బా అనే ఊరు వస్తుంది. ఒకనాడు అక్కడ పెద్ద సరస్సు ఉండేది. దాని ఒడ్డున బతికిన మనుషులు పక్కనే ఉన్న ఉమ్ సిన్మాన్ కొండ రాళ్ల మీద తమనూ, తమ పశువులనూ, తాము వేటాడిన జంతువులనూ చెక్కిపెట్టారు. సరస్సు ఎండిపోయాక వచ్చినవాళ్లు ఒంటెలను చెక్కారు, తమూదీ లిపిలో రాతలు రాశారు. హాయిల్‌కు దక్షిణాన షువేమిస్ దగ్గర జబల్ అల్ మంజూర్, జబల్ రాత్ కొండల మీద కూడా ఇలాంటి చెక్కడాలున్నాయి. అక్కడి ఒక బొమ్మలో వేటగాడి నడుము నుంచి కుక్కల మెడల దాకా తాళ్లు సాగి ఉంటాయి. అవి ఎనిమిది తొమ్మిది వేల ఏళ్ల నాటివి కావచ్చని పురావస్తు శాస్త్రవేత్త మరియా గ్వాన్యిన్ బృందం అంచనా వేసింది. జుబ్బా, షువేమిస్ రెండింటినీ కలిపి 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

హాయిల్‌లో పొలాల్లో, దుకాణాల్లో, భవన నిర్మాణంలో పనిచేసే తెలుగువాళ్లకు జుబ్బా సెలవు రోజున వెళ్లిరాగల దూరం. వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లలో చూస్తే మాత్రం చాలాసార్లు గోధుమరంగు బండ ఒక్కటే కనిపిస్తుంది. కళ్లకు కనిపించిన సింహం ఫొటోలో ఉండదు. ఈ రాళ్ల దగ్గర కాస్త నిలబడి, చేత్తో ఫోకస్ తిప్పి, వెలుగు కోసం ఎదురుచూసి తీసేవాళ్లకే మంచి ఫొటో దక్కుతుంది. ఆ పనికి లక్షలు పోసి కొత్త లెన్స్ కొనక్కర్లేదు. రీలు కెమెరాల కాలం నాటి లెన్స్ ఒకటి, దాన్ని నేటి డిజిటల్ కెమెరాకు తగిలించే ఒక లోహపు ఉంగరం ఉంటే చాలు. ఈ రెండూ కలిసి ఎలా పనిచేస్తాయో, ఎక్కడ పనిచేయవో నెమ్మదిగా చెప్పుకుందాం.

అలాంటి లెన్స్ మన ఇళ్లలోనే ఉండే అవకాశం తక్కువేం కాదు. 1970ల చివరి నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలవాళ్లు సెలవు మీద వస్తూ టూ ఇన్ వన్ టేప్ రికార్డర్లు, సెంటు సీసాలతో పాటు కెమెరాలు కూడా తెచ్చారు. యాషికా, మినోల్టా, పెంటాక్స్, క్యానన్. పెళ్లిళ్లలో కొన్నేళ్లు వాడాక రీళ్లు దొరకడం మానేశాయి, కెమెరా బీరువా పై అరకు చేరింది. సోవియట్ దేశం నుంచి వచ్చిన జెనిట్ కెమెరాలు కూడా మన పట్టణాల స్టూడియోల్లో తిరిగాయి. ఆ కెమెరాల యంత్రాలు చాలావరకు మూలపడ్డాయి. ముందున్న గాజు మాత్రం అలాగే ఉంది. గాజుకు రీలు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు.

అసలు కిటుకంతా దూరంలో ఉంది. చిన్నప్పుడు భూతద్దంతో ఎండను కాగితం మీదికి తెచ్చి కాల్చిన ఆట గుర్తు తెచ్చుకోండి. అద్దాన్ని కాస్త దగ్గరికి జరిపితే చుక్క పెద్దదై చెదిరిపోతుంది, దూరం జరిపినా అంతే. ఒకే ఒక్క దూరంలో అది సూదిమొనలా నిలుస్తుంది. కెమెరా లెన్స్ కూడా అంతే. లెన్స్ కూర్చునే మౌంట్ అనే లోహపు వలయానికీ, వెనక రీలు ఉండే తలానికీ మధ్య దూరాన్ని ప్రతి కంపెనీ తన సొంత లెక్కతో నిర్ణయించుకుంది. పాత మర మౌంట్ ఎం42లో అది 45.46 మిల్లీమీటర్లు. పెంటాక్స్ తర్వాత తెచ్చిన కె మౌంట్‌లోనూ అంతే. యాషికా, కాంటాక్స్‌లకు 45.5. నికాన్ ఎఫ్ మౌంట్‌కు 46.5. మినోల్టాకు 43.5. క్యానన్ పాత ఎఫ్‌డీ మౌంట్‌కు 42.

ఈ దూరం అంత ఎక్కువగా ఉండడానికి కారణం అద్దం. ఆ కెమెరాల్లో లెన్స్ వెనక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉండేది. వచ్చిన వెలుగును అది పైకి, మన కంటి దాకా పంపేది. మీట నొక్కగానే అద్దం పైకి లేచేది. అది లేవడానికి చోటు కావాలి కాబట్టి లెన్స్‌ను నాలుగు సెంటీమీటర్లకు పైగా ముందుకు పెట్టాల్సి వచ్చింది. మొదటి తరం డిజిటల్ ఎస్ఎల్‌ఆర్‌లలోనూ అద్దం అలాగే ఉండిపోయింది. 2008లో పానసోనిక్ అద్దం లేని జీ1 కెమెరా తెచ్చింది. 2010లో సోనీ నెక్స్, 2013లో పూర్తి రీలు కొలత సెన్సార్‌తో సోనీ ఏ7, 2018లో నికాన్ జెడ్, క్యానన్ ఆర్ వచ్చాయి. వీటిలో అద్దం లేదు కనుక దూరం బాగా తగ్గింది. సోనీ ఈ మౌంట్‌కు 18 మిల్లీమీటర్లు, నికాన్ జెడ్‌కు 16, క్యానన్ ఆర్‌ఎఫ్‌కు 20, ఫ్యూజీ ఎక్స్‌కు 17.7.

ఇప్పుడు తీసివేత చేయండి. ఎం42 లెన్స్‌కు 45.46 కావాలి, సోనీ శరీరంలో 18 ఉంది. మిగిలిన 27.46 మిల్లీమీటర్లను ఒక బోలు గొట్టంతో నింపితే లెన్స్ తన సొంత కెమెరా మీద ఉన్నట్టే ఉంటుంది. అడాప్టర్ అంటే ఇంతే. అందులో గాజు లేదు, విద్యుత్తు లేదు. కొలత తప్పకుండా లేత్ మీద కోసిన లోహం అంతే. అందుకే చవగ్గా దొరుకుతుంది. ఒక పక్క లెన్స్ మౌంట్, మరో పక్క కెమెరా మౌంట్. కొనేటప్పుడు ఈ రెండు పేర్లూ సరిగ్గా చూసుకుంటే చాలు.

తీసివేతలో మిగులు రాకపోతేనే చిక్కు. ఎం42 లెన్స్‌ను నికాన్ డిజిటల్ ఎస్ఎల్‌ఆర్‌కు పెట్టబోతే లెన్స్‌కు కావలసింది 45.46, కెమెరా ముందే 46.5 ఆక్రమించుకుంది. లెన్స్‌ను కెమెరా లోపలికి నెట్టలేం కదా. దగ్గరి వస్తువులు ఫోకస్‌లోకి వస్తాయి, హాయిల్ పక్కన దూరంగా కనిపించే అజా కొండలు ఎంత తిప్పినా మసకే. మధ్యలో చిన్న గాజు ఉన్న అడాప్టర్లు ఈ లోటు తీరుస్తామంటాయి కానీ, ఆ చవక గాజు మంచి లెన్స్‌ను కూడా చెడగొడుతుంది. వాటిని నేను ఎవరికీ సిఫార్సు చేయను. క్యానన్ డిజిటల్ ఎస్ఎల్‌ఆర్ ఉన్నవాళ్లది మెరుగైన స్థితి. అందులో దూరం 44 మిల్లీమీటర్లే కాబట్టి ఎం42, పెంటాక్స్, నికాన్ లెన్స్‌లు గాజు లేని పల్చటి వలయంతో కూర్చుంటాయి. పెద్ద సెన్సార్ ఉన్న కొన్ని క్యానన్ కెమెరాల్లో మాత్రం అద్దం లేచేటప్పుడు కొన్ని లెన్స్‌ల వెనక అంచుకు తగలవచ్చు, కనుక మొదటిసారి నెమ్మదిగా పరీక్షించాలి. నికాన్ 1959 నుంచి ఎఫ్ మౌంట్‌ను మార్చలేదు. పాత నికాన్ లెన్స్ నికాన్ డిజిటల్ ఎస్ఎల్‌ఆర్‌కు నేరుగా ఎక్కుతుంది, కానీ 1977లో ఏఐ పద్ధతి రాకముందు తయారై, మార్పు చేయించని లెన్స్‌లు కొన్ని కెమెరాల ముందున్న చిన్న మీటను విరగ్గొడతాయి. ఇక క్యానన్ ఎఫ్‌డీ లెన్స్‌లవాళ్ల కథ వేరు. 1987లో క్యానన్ మౌంట్ మార్చేయడంతో వాళ్ల లెన్స్‌లు అనాథలయ్యాయి. అద్దం లేని కెమెరాలు వచ్చేదాకా, అంటే ఇరవై ఏళ్లకు పైగా, వాటికి మంచి డిజిటల్ ఇల్లు దొరకలేదు. ఇప్పుడు అన్నింటికన్నా చవగ్గా దొరికే మంచి గాజుల్లో అవీ ఉన్నాయి.

చవక అడాప్టర్ల గురించి ఒక మాట ముందే తెలిసి ఉండాలి. చాలా మంది తయారీదారులు వాటిని కావాలనే వెంట్రుకవాసి పొట్టిగా చేస్తారు. పొడవైతే దూరపు వస్తువు అసలు ఫోకస్ కాదు. పొట్టైతే అయ్యాక కూడా ఇంకొంచెం తిరుగుతుంది. అందువల్ల లెన్స్ మీద అనంతం గుర్తు దగ్గర రింగు ఆగేదాకా తిప్పితే ఫోకస్ అసలు చోటు దాటిపోతుంది. నఫూద్‌లో రాత్రి నక్షత్రాలు తీయబోయి చుక్కలకు బదులు ముద్దలు తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది తప్పు ఇదే. తెరమీద ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెద్దది చేసి, అది అతి చిన్న చుక్క అయ్యేదాకా తిప్పి ఆపాలి. చలికాలం రాత్రి అక్కడ వేడి చాలా వేగంగా పడిపోతుంది. లోహం కుంచించుకుంటుంది కనుక గంట తర్వాత మళ్లీ చూసుకోవాలి.

అడాప్టర్ రెండు ముఖాలూ సమాంతరంగా లేకపోతే ఫొటోలో ఒక మూల పదునుగా, ఎదుటి మూల మసకగా వస్తుంది. దీన్ని లెన్స్ లోపమనుకొని మంచి లెన్స్‌ను అమ్మేసేవాళ్లున్నారు. చదునైన గోడను నిటారుగా తీసి నాలుగు మూలలూ చూసుకుంటే సంగతి తేలిపోతుంది. హాయిల్ ఊళ్లోనే ఉన్న ఖిష్లా కోట మట్టిగోడ ఈ పరీక్షకు చక్కగా సరిపోతుంది. దాని మీద ఉన్న గరుకుతనం ఏ మూలనైనా కంటికి తెలుస్తుంది.

ఇక కెమెరాకు మనం చెప్పాల్సినవి కొన్ని. పాత లెన్స్ తగిలించగానే కెమెరా తనకు లెన్స్ లేదనుకుంటుంది, ఫొటో తీయనంటుంది. మెనూలో లెన్స్ లేకున్నా ఫొటో తీయమనే అమరిక ఒకటుంటుంది, దాన్ని తెరవాలి. తర్వాత కెమెరాను ఎపర్చర్ ప్రయారిటీలో పెడితే, లెన్స్ రింగు మీద ఎపర్చర్ రంధ్రాన్ని తెరిచి మనం ఎంత వెలుగు వదిలామో దాన్నిబట్టి షట్టర్ వేగాన్ని అదే చూసుకుంటుంది. శరీరంలోనే వణుకు తగ్గించే ఏర్పాటున్న కెమెరాలకు లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లదో మనమే అంకెలో చెప్పాలి. 135 లెన్స్ పెట్టి 50 అని వదిలేస్తే ఆ ఏర్పాటు తప్పు లెక్కతో కదులుతుంది. ఫోకస్‌కు రెండు సాయాలున్నాయి. అంచుల మీద రంగు గీతలు చూపించే పీకింగ్ ఒకటి, తెరమీద ఒక ముక్కను పెద్దది చేసి చూపడం రెండోది. జుబ్బా బండ మీద పీకింగ్‌ను నమ్మడం కష్టం. రాతి గరుకుతనమంతా ఒకేసారి రంగుతో నిండిపోతుంది. పెద్దది చేసి చూసి, చెక్కిన గంటు అంచు మీద తిప్పడమే సరైన పద్ధతి. కదలని వస్తువు, తొందరలేని మనిషి ఉన్నప్పుడు ఇంతకు మించిన ఫోకస్ లేదు. పాత లెన్స్‌ల ఫోకస్ రింగు నిండుగా, నునుపుగా, చాలా దూరం తిరుగుతుంది. అందుకే వేలి కొసతో వెంట్రుకవాసి సర్దవచ్చు. కొత్త ఆటోఫోకస్ లెన్స్‌లలో ఈ సుఖం అరుదు.

ఎం42 లెన్స్‌లలో కొన్నింటికి వెనక చిన్న పుల్ల ఉంటుంది. పాత కెమెరా దాన్ని నొక్కితేనే ఎపర్చర్ ముడుచుకునేది. లెన్స్ పక్కన ఏ, ఎం అనే మీట ఉంటే ఎం వైపు పెట్టాలి. మీట లేకపోతే పుల్లను నొక్కి ఉంచే అంచున్న అడాప్టర్ కొనాలి. ఇది తెలియక, రింగు తిప్పినా వెలుగు మారట్లేదని లెన్స్ పాడైందనుకుంటారు.

సెన్సార్ కొలత సంగతి త్వరగా చెప్పేస్తాను. రీలు ఫ్రేము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. పూర్తి కొలత సెన్సార్ ఉంటే పాత లెన్స్ అప్పటిలాగే కనిపిస్తుంది. చిన్నదైన ఏపీఎస్-సి సెన్సార్‌లో మధ్య భాగమే పడుతుంది కనుక 50 మిల్లీమీటర్ల లెన్స్ సుమారు 75లా, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 100లా కనిపిస్తుంది. రాతి బొమ్మలకు ఇది లాభమే. చెక్కడాల చుట్టూ కంచె ఉంటుంది, ముట్టుకునేంత దగ్గరికి పోవడం తగదు కూడా. ఖిష్లా కోట లాంటి భవనం మొత్తం పట్టాలంటే మాత్రం 28 కూడా ఇరుకవుతుంది.

పాత గాజు వెలుగును ఎలా చూస్తుందన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. పూత లేని గాజు, గాలి కలిసే ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెలుగు వెనక్కి తిరుగుతుంది. హేలియోస్ 44 లెన్స్‌నే తీసుకుందాం. జెనిట్ కెమెరాలతో వచ్చిన 58 మిల్లీమీటర్ల ఎఫ్/2 లెన్స్ అది. జర్మనీ జైస్ కంపెనీ బయోటార్ నమూనా మీద సోవియట్ ఫ్యాక్టరీలు లక్షల్లో తయారుచేశాయి. అందులో నాలుగు గుంపులుగా ఆరు గాజులుంటాయి, అంటే గాలిని తాకే ముఖాలు ఎనిమిది. పూతే లేకపోతే వెలుగులో నాలుగో వంతుకు పైగా దారిలోనే పోయేది. పోతే పోయింది, అది ఊరుకోదు. లోపలే అటూ ఇటూ తిరిగి చివరికి బొమ్మ మీద పొగమంచులా పరుచుకుంటుంది, నలుపులు బూడిదరంగవుతాయి. జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా 1935లో కనిపెట్టిన పల్చటి పూత ఈ నష్టాన్ని బాగా తగ్గించింది. పొరమీద పొర పూసే పద్ధతి 1970ల మొదట్లో మామూలు లెన్స్‌లకూ వచ్చింది. పెంటాక్స్ ఎస్‌ఎంసీ పూత ఆ కాలానిదే. కనుక పాత లెన్స్ అనే మాట ఒక్కటే ఏమీ చెప్పదు. ఒకే పూత ఉన్న 1960ల లెన్స్, పలు పూతలున్న 1970ల చివరి యాషికా ఎంఎల్ లెన్స్ ఎండలో పక్కపక్కన పెడితే వేరువేరుగా పనిచేస్తాయి.

డిజిటల్‌లో మరో చిక్కు కలిసింది. రీలు ఉపరితలం కన్నా సెన్సార్ ముందున్న గాజు ఎక్కువ మెరుస్తుంది. ఆ మెరుపు లెన్స్ వెనక గాజుకు తగిలి తిరిగివచ్చి, ఫొటో నడిమధ్య లేతరంగు మచ్చగా కనిపించవచ్చు, ముఖ్యంగా ఎదురెండలో, ఎపర్చర్ బాగా ముడిచినప్పుడు. మూలల విషయంలో ఎస్ఎల్‌ఆర్ లెన్స్‌లు మంచివే. అద్దానికి చోటిచ్చేలా చేసినవి కాబట్టి వాటి వెలుగు సెన్సార్ మీద నిటారుగా పడుతుంది. అద్దమే లేని రేంజ్‌ఫైండర్ కెమెరాల పాత వైడ్ లెన్స్‌ల వెనక గాజు రీలుకు చాలా దగ్గరగా ఉండేది. వాటి వెలుగు ఏటవాలుగా వచ్చి సెన్సార్ ముందు గాజు పొరలో వంగి మూలలు పాడవుతాయి. అందుకే 28 కన్నా వెడల్పైన పాత లెన్స్ కోసం డబ్బు పెట్టొద్దని నా సలహా. 50, 85, 105, 135 కొలతల్లోనే పాత గాజు విలువ కనిపిస్తుంది. పాత జూమ్‌లు కూడా వద్దు. ఒకటో రెండో తప్పిస్తే అవి నేటి మామూలు కిట్ లెన్స్ ముందు నిలబడవు.

పాత లెన్స్‌లో మాయ ఉందని చెప్పేవాళ్లను నేను పూర్తిగా ఒప్పుకోను. హేలియోస్‌ను పూర్తిగా తెరిస్తే వెనకున్న ఆకులు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. అది నచ్చితే నచ్చుతుంది, కానీ అది ఆ నమూనాలోని లోపమే. ఎఫ్/8 దగ్గర మంచి పాత 50కీ, కొత్త 50కీ తేడా పట్టుకోవడం కష్టం. అలాంటప్పుడు పాతది ఎందుకంటే, ఒకటి ధర. నెల జీతంలో ఇంటికి పంపగా మిగిలిన డబ్బుతో ఎఫ్/2 వెలుగున్న లెన్స్, దూరపు లెన్స్ రెండూ దొరుకుతాయి. రెండోది చేతి పని, అది ఫొటో తీసే మనిషిని మారుస్తుంది. స్టీవ్ మెకర్రీ 1984లో పాకిస్తాన్ శరణార్థి శిబిరంలో ఆకుపచ్చ కళ్ల అఫ్ఘాన్ అమ్మాయిని తీసింది నికాన్ 105 ఎఫ్/2.5 చేతి ఫోకస్ లెన్స్‌తోనే. ఆ లెన్స్ ఇవాళ పాత సరుకులో దొరుకుతుంది, అద్దం లేని ఏ కెమెరా మీదైనా దాని కొలతకు తగిన గొట్టంతో కూర్చుంటుంది.

ఇక జుబ్బాకు వద్దాం. అక్కడి ఇసుకరాయి పైన వేల ఏళ్లుగా మాంగనీసు, ఇనుము కలిసి నల్లటి పొర పట్టింది. చెక్కినప్పుడు ఆ పొర పోయి లోపలి లేత రంగు బయటపడింది. తర్వాత చెక్కిన చోట కూడా మెల్లగా పొర పట్టింది. కనుక కొత్త చెక్కడం లేత రంగులో, పాతది చుట్టూ ఉన్న రాయిలో కలిసిపోయి కనిపిస్తుంది. అన్నిటికన్నా పాతవే ఫొటోకు లొంగనివి. వాటిని పట్టించేది రంగు కాదు, లోతు. లోతు కనిపించాలంటే వెలుగు రాతి ముఖాన్ని రాసుకుంటూ పోవాలి, ప్రతి గంటులోనూ చిన్న నీడ పడాలి.

ఇక్కడ చాలామంది పొద్దున్నే వెళ్లాలి, సాయంత్రం వెళ్లాలి అంటారు. నిటారు రాతికి ఆ లెక్క ఎప్పుడూ కుదరదు. తూర్పు చూసే బండకు సూర్యోదయం వెలుగు నేరుగా ముఖాన కొడుతుంది, గంటులన్నీ మాయమవుతాయి. పొద్దెక్కి, సూర్యుడు ఆ రాయి వెనక్కి జారిపోయే ముందు, అంటే మధ్యాహ్నానికి కొంచెం ముందు, వెలుగు దాన్ని రాసుకుంటుంది. పడమటి రాళ్లకు అదే మధ్యాహ్నం దాటగానే. హాయిల్ ప్రాంతం సుమారు 27న్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన 86 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, డిసెంబర్‌లో 39 డిగ్రీలే. అంటే వేసవి మిట్టమధ్యాహ్నం నిటారు బండల మీద పైనుంచి కిందికి రాసుకుంటూ పడే వెలుగు చెక్కడాలకు మేలే, ఆ ఎండలో మనిషి నిలబడగలిగితే. చలికాలంలో దక్షిణం చూసే రాళ్లకు ఆ అవకాశం రాదు. రంగు తేడాతో కనిపించే కొత్త చెక్కడాలకు ఇదంతా అక్కర్లేదు. వాటికి నేరుగా పడే వెలుగు, లేదా బండ నీడలోకి వెళ్లాక వచ్చే మెత్తటి వెలుగు బాగుంటుంది. ఒకే రాయి మీద రెండు కాలాల బొమ్మలుంటే రెండుసార్లు తీయాల్సిందే. కర్ణాటకలో బళ్ళారి దగ్గర కప్పగల్లు కొండ నల్లరాళ్ల మీద కొట్టి చేసిన ఎద్దుల బొమ్మలు చూసినవాళ్లకు ఈ కష్టం కొత్త కాదు. అక్కడా వెలుగు ఒక గంట అటూ ఇటూ అయితే ఎద్దు కనపడదు.

ఈ నల్ల పొర ఎండలో మెరుస్తుంది. ఆ మెరుపు గంటులను కప్పేస్తుంది. పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే కొన్ని కోణాల్లో మెరుపు తగ్గి చెక్కడం బయటికి వస్తుంది. పాత లెన్స్‌లకు ఫిల్టర్ మర సాధారణంగా 49, 52 లేదా 55 మిల్లీమీటర్లు. 55కు ఒక పోలరైజర్ కొని, మిగతావాటికి మర పెంచే రింగులు పెట్టుకుంటే ఒకటే అన్నిటికీ సరిపోతుంది. పక్క ఎండ గాజు మీద పడకుండా ముందు రబ్బరు హుడ్ ఉండాలి. ఒకే పూత ఉన్న లెన్స్‌కు హుడ్ లేకుండా ఎడారిలో పనిచేయడం అంటే దాని నలుపులను ముందే వదులుకోవడం. హుడ్ లేకపోతే లెన్స్ అంచు మీద అరచేతి నీడ పడేలా పట్టుకున్నా తేడా తెలుస్తుంది. ఎపర్చర్ ఎఫ్/8 దగ్గర ఉంచండి. పూర్తిగా తెరిస్తే పాత గాజు గంటుల అంచున ఊదా రంగు వదులుతుంది, ఎఫ్/16 దాటితే వెలుగే చెదిరి పదును పోతుంది. రాతికి సమాంతరంగా కెమెరా నిలపాలి, లేకపోతే ఒక కొస ఫోకస్ తప్పుతుంది.

లోయ మొత్తం, ఇసుక, కొండ కలిపి తీసేటప్పుడు పాత లెన్స్ మీదున్న దూరం అంకెలు ఉపయోగపడతాయి. 28 లెన్స్‌ను ఎఫ్/8లో 3.3 మీటర్ల దగ్గర పెడితే సుమారు 1.6 మీటర్ల నుంచి చివరిదాకా స్పష్టంగా ఉంటుందని రీలు కాలపు లెక్క. ఆ లెక్క చిన్న ప్రింట్లకు సరిపోయేది. నేటి సెన్సార్ల ఫొటోలను పెద్దవి చేసి చూస్తే దాని సడలింపు బయటపడుతుంది. ఎఫ్/8లో తీస్తూ ఎఫ్/4 గీతలను నమ్మితే నిజంగా పదునైన ఫొటో వస్తుంది.

హాయిల్ నగరాన్ని ఓపికతో చూసినవాళ్లు ముందూ ఉన్నారు. 1914 ఫిబ్రవరి చివర్లో ఇక్కడికి చేరిన బ్రిటిష్ యాత్రికురాలు గెర్ట్రూడ్ బెల్‌ను అప్పట్లో ఊరిని ఏలుతున్న రషీద్ వంశపువాళ్లు రోజుల తరబడి ఒక ఇంట్లో ఉంచేశారు. విడిచిపెట్టాక వెళ్లే ముందు ఆమె ఊరంతా తిరిగి ఫొటోలు తీసింది. అప్పటి హాయిల్ రూపం ఇవాళ మనకు తెలియడానికి న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్న ఆ చిత్రాలు ఒక పెద్ద ఆధారం. ఆమెకు ఉన్నదల్లా చేతి ఫోకస్, స్థిరంగా నిలబడిన గోడలు, తొందర లేని చూపు.

ఇసుక గురించి చెప్పకుండా ఉంటే ఈ సలహా అంతా వృథా. నఫూద్ ఇసుక రేణువు ఒక్కటి ఫోకస్ రింగు మరల్లో చేరితే తిప్పినప్పుడు కరకర చప్పుడు వస్తుంది. బలంగా తిప్పితే లోహం అరిగిపోతుంది. మీరు కొంటున్న పాత లెన్స్ చప్పుడు చేస్తే అది ఎక్కడో ఎడారి చూసిందని అర్థం, వదిలేయండి. లెన్స్ మార్చడం కారు లోపల, అద్దాలు ఎక్కించి, కెమెరా నోరు కిందికి ఉంచి చేయాలి. గాజు మీద ఇసుక పడితే ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, గుడ్డతో తుడిస్తే పూత మీద గీతలు పడతాయి. ఎండలో నిలిపిన కారులో లెన్స్ వదలకండి. మరల్లో ఉన్న పాత గ్రీజు కరిగి నూనెలా పాకి ఎపర్చర్ రెక్కల మీదికి చేరుతుంది, తర్వాత అవి అతుక్కుపోతాయి. మూత తీసిన లెన్స్‌ను కారు సీటు మీద ఎండ తగిలేలా పెడితే భూతద్దం చేసే పని అదీ చేస్తుంది, సీటు కాలుతుంది.

హాయిల్ కార్ల ర్యాలీ చూడ్డానికి వెళ్తూ ఈ లెన్స్‌లు పట్టుకెళ్లొద్దు. ఇసుక లేపుకుంటూ దూకే బండిని చేత్తో ఫోకస్ చేయడం నేర్చినవాళ్లున్నారు, కానీ ఆ ఒక్క రోజు కోసం వచ్చినవాళ్లకు ఆటోఫోకసే మేలు. పరిగెత్తే పిల్లలకూ అంతే. మనుషులను, ముఖ్యంగా ఆడవాళ్లను అడగకుండా తీయకూడదు, ప్రభుత్వ కార్యాలయాలు, సైనిక స్థలాల దగ్గర కెమెరా ఎత్తకూడదు. చెక్కడాలు బాగా కనిపించాలని నీళ్లు చల్లడం, సుద్దతో గీయడం అంటే వేల ఏళ్ల పొరను ఒక్క ఫొటో కోసం పాడుచేయడమే. నేరం కూడా.

కొనేటప్పుడు చూడాల్సినవి ఎక్కువ లేవు. సెలవు మీద వచ్చినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత కెమెరా కనిపిస్తే లెన్స్‌ను పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ఏటవాలుగా చూడండి. సాలెగూడు లాంటి సన్నని పోగులుంటే బూజు. కొద్దిపాటి దుమ్ము ఫొటోలో కనిపించదు, దాన్ని చూపి బేరమాడండి కానీ భయపడకండి. ఎపర్చర్ రెక్కలు టక్కున కదలాలి, పొడిగా ఉండాలి. గాజు టీ రంగులో పసుపెక్కి ఉంటే, అది పెంటాక్స్ సూపర్ టాకుమార్ 50 ఎఫ్/1.4 లాంటిదైతే, అందులో థోరియం కలిపిన గాజు ఉండి ఉంటుంది. కాలంతో ఆ గాజు రంగు మారుతుంది. అతినీలలోహిత కాంతి ఇచ్చే చిన్న ఎల్ఈడీ దీపం కింద కొన్ని రోజులు ఉంచితే చాలావరకు తెల్లబడుతుంది. దాని నుంచి స్వల్ప రేడియోధార్మికత వస్తుంది, కెమెరాకు పెట్టి వాడుకుంటే భయపడాల్సినంత కాదు. గాజును పగలగొట్టడం, అరగదీయడం మాత్రం చేయకండి.

ఇంకొకటి. ఈ లెన్స్‌లకు మాటలు రావు. ఏ లెన్స్‌తో తీశారో, ఎఫ్ ఎంత ఉందో ఫొటో ఫైలులో ఎక్కడా నమోదు కాదు. రాతి బొమ్మల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. అదే చెక్కడాన్ని మళ్లీ తీసి పొర పోయిందా, పగులు పెరిగిందా అని పోల్చాలంటే తేదీ, సమయం, లెన్స్, ఎపర్చర్, రాయి ఏ దిక్కు చూస్తుందో రాసి ఉండాలి. జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. లేదా ప్రతి బండ దగ్గరా మొదటి ఫొటోగా కాగితం మీద రాసిన ఆ వివరాలనే తీసేయండి, మిగతా ఫొటోల ముందు అది వరుసలో నిలిచిపోతుంది.

హాయిల్ పొడిగాలిలో గాజుకు బూజు పట్టదు. అదే లెన్స్ జూలైలో కాకినాడ చేరితే పరిస్థితి మారిపోతుంది. గాలిలో తేమ 60 శాతం దాటి నెలల తరబడి చీకట్లో ఉంటే బూజు మొలుస్తుంది, పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ మిగులుతుంది. తోలు సంచీ అందంగా ఉంటుంది కానీ తేమను పట్టి ఉంచుతుంది, అందులో లెన్స్ దాచొద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ కొలిచే మీటరు చాలు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపాలి. జెల్ రంగు మారగానే పెనం మీద సన్నమంటతో వేడిచేసి, చల్లారాక మళ్లీ పెట్టండి. నెలకోసారి లెన్స్ తీసి ఎపర్చర్ రింగు, ఫోకస్ రింగు చివరి నుంచి చివరిదాకా నాలుగైదు సార్లు తిప్పండి.